ప్రేక్షకులందరూ దొరని మంచివాడన్నారు

పోయిన నెల ఆఫీసులో భోజనాల వేళ నా పక్క సీటతను ఫోన్లో ఏదో చదువుతూ తనలో తనే నవ్వుకుంటున్నాడు. ఏమిటని అడిగితే చెప్పాడు. అతనాడే గేమ్ ఒకటి ఉందట, రక్తపిశాచులది. ఎప్పుడో పాతరోజుల్లో ఆ గేమ్‌ని టీవీ సీరియల్‌గా తీశారట. పట్టుమని పది ఎపిసోడ్లు కూడా రాకుండానే ఆపేశారట. దానిమీద ఇన్నేళ్ళ తరవాత కూడా ప్రేక్షకులు అభిప్రాయాలు రాస్తూనే ఉన్నారు. అతను ఒక్కొక్కటే పైకి చదవడం మొదలుపెట్టాడు. కథ నత్తనడక అని ఒకరు. వంశాలు మరీ ఎక్కువ, ఎవరు ఎవరో తెలియదని ఇంకొకరు. ఆ పిశాచుల దొర మాత్రం ఎంత మర్యాదస్తుడో, అలాంటివాడు దొరికితే మెడ తనే చాపుతానని ఒకావిడ.

నేను చెంచా కింద పెట్టేశాను. అక్క పోయి అప్పటికి మూడు వారాలు. హైదరాబాదు నుంచి కబురొచ్చినప్పుడు కంట్లో చుక్క రాలేదు. ఇక్కడ కెనడాలో, కిచెనర్ ఊళ్ళోని ఆఫీసులో, మైక్రోవేవ్ ముందు క్యూ కట్టిన జనం మధ్య, ఎవరో ముక్కూమొహం తెలియని మనుషుల అభిప్రాయాలు వింటూ ఏడ్చాను. పాపం అతను తనేదో తప్పు మాట అన్నాననుకుని సారీలు చెప్పాడు.

అక్క నాకు బంధువు కాదు. చదువుకోవడానికి ఈ దేశం వచ్చిన కొత్తలో సార్నియా అనే ఊళ్ళో మేం నలుగురం ఆడవాళ్ళం ఒక ఇంట్లో ఉండేవాళ్ళం. ఆ ఏళ్ళలో ఇండియా నుంచి విద్యార్థులు విమానాలు విమానాలుగా దిగుతుండేవారు. మిగతా ముగ్గురం ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళ వాళ్ళం. ఆవిడకి నలభై దగ్గర పడుతోంది. ఆ వయసులో మళ్ళీ కాలేజీ ఏమిటని మేమెవరం అడగలేదు. ఒకసారి తనే చెప్పింది, హైదరాబాదులో డబ్బింగ్ సీరియళ్ళకి మాటలు రాసేదాన్ననీ, ఆ పని తగ్గిపోయిందనీ. అంతకు మించి ఆవిడ వెనకటి జీవితం నాకు ఇప్పటికీ తెలియదు.

తెలిసింది ఆవిడ చూపు. ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే కళ్ళలోకి చూసేది కాదు. పెదాల మీదే చూసేది. మొదట్లో నాకు ఇబ్బందిగా ఉండి మూతి తుడుచుకునేదాన్ని. తరవాత తెలిసింది, అది పనివల్ల వచ్చిన అలవాటని. తెరమీద మనిషి పెదాలు మూసినచోట తెలుగులో కూడా ప, బ, మ లాంటి అక్షరమే పడాలట. పెదాలు తెరిచి ఉండగా "అమ్మా" అని రాస్తే బొమ్మ ఒకటీ గొంతు ఒకటీ అయిపోతాయి. ఇరవై ఏళ్ళు అదే చూసి చూసి, మామూలు మనుషులు మాట్లాడినా ఆవిడ అదే వెతికేది. ఎవరైనా వచ్చి వెళ్ళాక, "ఈ పిల్ల మాట దాని నోటికి సరిపోయిందమ్మా" అనేది. అంతకంటే పెద్ద మెచ్చుకోలు ఆవిడ దగ్గర లేదు.

ఇంకో అలవాటు, తిరగమోత పెడుతున్నప్పుడు పాత ప్రేక్షకులను తలుచుకోవడం. ఆవాలు చిటపటలాడటం మొదలయ్యేసరికి ఎవరో ఒకరు ఆవిడ నోట్లోకి వచ్చేసేవారు. ఆవిడ ఉద్యోగంలో చేరిన కొత్తలో పడ్డ మొదటి సీరియల్ ఆ రక్తపిశాచులదే. తెలుగులో రాత్రి పూట వేసేవారట. మాటలు రాయడంతోపాటు ప్రేక్షకుల ఉత్తరాలు చదవడం, ఫోన్లు ఎత్తడం కూడా ఆవిడ మీదే పెట్టారు. ఇంగ్లీషులో ఆ పిశాచుల నాయకుడికి ఉన్న పేరుని ఆవిడ "దొర" అని మార్చింది. వాళ్ళ గుంపులని "వంశాలు" అంది. దాంతో తెలుగు దేశమంతా ఆ కథని తనదిగా చేసుకుంది.

"నాకప్పుడు ఏటి తెలుసమ్మా," అనేది. గుంటూరు వైపునుంచి ఒకాయన ఆ వంశాల్లో మనవాళ్ళు ఎవరో కాస్త తెలియజేయండని రాశాడట. కడప నుంచి ఒక పెద్దమనిషి, దొర పంచాయితీ తీర్చే పద్ధతి బాగానే ఉంది గానీ రాజీ చేసేముందు రెండు వర్గాలతో ఒకచోట అన్నం తినిపించాలి, అది చూపించలేదు అని తప్పు పట్టాడట. వరంగల్ అవతల ఒక పల్లెనుంచి ఒకే ఒక్క వాక్యం ఉన్న కార్డు వచ్చిందట. "దొరలు నెత్తురు తాగుతరని మాకు కొత్తగ చెప్తున్నరా?" ఒక ముసలాయన ఫోన్ చేసి, వీళ్ళ పాదాలు ముందుకే ఉన్నాయి కాబట్టి వీళ్ళు దయ్యాలు కారు, మనుషులే, జాగ్రత్తగా ఉండమని చెప్పి పెట్టేశాడట. ఆ ముసలాయన గొంతు పెట్టి ఆవిడ ఆ మాట అంటుంటే మేం నవ్వి నవ్వి పడిపోయేవాళ్ళం. నవ్వు ఆగాక ఒక్కొక్కరం వంటింటి కిటికీ వైపు తిరిగేవాళ్ళం. కిటికీలోంచి చూస్తే నదికి ఇవతల ఫ్యాక్టరీ గొట్టాల మీద మంట ఎర్రగా ఊగుతూ కనిపించేది. మబ్బు పట్టిన రోజు ఆకాశం సగం దాకా ఆ రంగే.

ఆడవాళ్ళ ఉత్తరాల్లో ఎక్కువ భాగం దొరని మెచ్చుకుంటూ వచ్చేవట. గట్టిగా మాట్లాడడు. తలుపు దగ్గర ఆగి రావచ్చా అని అడుగుతాడు. ఆ అమ్మాయి చెప్పేదంతా ఓపికగా వింటాడు. మా ఇంట్లో ఎవరూ అలా వినరండీ, అని ఒకావిడ రాసిందట.

ఆ కథలో ఒక మామూలు అమ్మాయి ఉంది. దొర ఎవరో తెలిసి కూడా అతని దగ్గరికి వెళుతుంది. కథ అక్కడికొచ్చాక ఆగిపోయింది. అసలు దేశంలోనే తీయడం మానేశారు. ఇక్కడ ప్రేక్షకులకి ఆ సంగతి తెలియదు. ఫోన్లు ఆగలేదు. వాటిలో నూజివీడు నుంచి ఒక గొంతు ఉండేదట. ప్రతివారం చేసేది. పేరు చెప్పేది కాదు. చిన్న గొంతు. ఎప్పుడూ ఒకటే ప్రశ్న, చివరికి ఆయన ఆ అమ్మాయిని ఏం చేస్తాడండీ అని. ఆఫీసులో పెద్దాయన విసుక్కుని, ఏదో ఒకటి చెప్పి పంపించెయ్యమన్నాడు. అక్క అప్పటికప్పుడు ఒక ముగింపు కల్పించింది. దొర ఆ అమ్మాయిని ఏమీ చెయ్యడు, ఆమె కోసం నెత్తురు తాగడం మానేస్తాడు, ఇద్దరూ సుఖంగా ఉంటారు అని.

"అటుపక్క కొంచెంసేపు ఏటీ వినపడలేదు," అంది అక్క నాతో. ఆ మాట చెప్పినరోజు మేమిద్దరం వాకిట్లో మంచు ఎత్తిపోస్తున్నాం. మిట్టమధ్యాహ్నం. పార మంచులో గుచ్చి నిలబడింది. "తరవాత, 'అయితే ఫర్లేదంటారా అండీ?' అని అడిగింది. ఫర్లేదమ్మా అన్నాను. పెట్టేసింది. మరింక ఎప్పుడూ చెయ్యలేదు."

సంతోషపడి మానేసిందేమో అన్నాను నేను.

"అయుండొచ్చు," అని పార తీసుకుంది. మళ్ళీ కాసేపటికి, "ఆ పిల్ల సీరియల్ గురించి అడగలేదమ్మా," అంది.

మా నలుగురిలో చిన్నది లహరి. కరీంనగర్ అమ్మాయి. నవ్వితే పై చిగురు కనపడేది, అది దాచుకోవడానికి చెయ్యి అడ్డం పెట్టుకునేది. మొదటి సెమిస్టర్‌లో రెండు సబ్జెక్టులు పోయాయి. ఇంట్లో చెప్పలేదు. సార్నియాలో బస్సులు ఉన్నాయంటే ఉన్నాయి. సాయంత్రం షిఫ్ట్ అయిపోయాక ఒకటి పోతే ఇక నడకే. అందుకని మాలాంటి వాళ్ళందరికీ ఒకతను దిక్కు. అతన్ని అందరూ రైడ్ అన్న అనేవారు. ముప్పై అయిదేళ్ళుంటాయి. పీఆర్, అంటే ఇక్కడ శాశ్వతంగా ఉండే హక్కు, వచ్చినవాడు. తెల్ల వ్యాన్ ఒకటి ఉండేది. గిడ్డంగుల్లో పనికి తీసుకెళ్ళి దింపేవాడు, ఎయిర్‌పోర్టుకి వెళ్ళేవాడు, ఇల్లు వెతికి పెట్టేవాడు. ఎప్పుడూ శుభ్రంగా ఇస్త్రీ చొక్కా. ఎవరినీ ఒక మాట అని ఎరగడు. నిజం చెప్పాలంటే నేను జ్వరంతో పడుంటే మందులు తెచ్చి గుమ్మం బయట పెట్టి వెళ్ళినవాడూ అతనే.

అందరినీ దింపాక చివర లహరిని దింపడం మొదలైంది. తరవాత ఆ అమ్మాయి షిఫ్టులు అతనే చూడసాగాడు. తరవాత మాతో కలిసి తినడం మానేసింది. అతను హారన్ కొట్టేవాడు కాదు, పైకి రమ్మని పిలిచేవాడు కాదు. ఫోన్లో ఒక చుక్క పంపేవాడు. ఒట్టి ఫుల్‌స్టాప్. నోట్లో ముద్ద ఉన్నా సరే, అది రాగానే లహరి లేచిపోయేది.

అక్క అతన్ని చాలాసేపు చూసింది ఒక్కసారే. దీపావళికి స్వీట్లు తెచ్చాడు. వాకిట్లో నిలబడి మాట్లాడుతుంటే ఆవిడ ఎప్పట్లానే పెదాల మీద దృష్టి పెట్టింది. అతను వెళ్ళాక ఏమంటుందోనని చూశాను. "నవ్వు మాట కంటే ముందు మొదలవుతోంది. మాట అయిపోయినా ఆగట్లేదు," అంది. ఆ స్వీట్లు ఆవిడ ముట్టలేదు. మేం తిన్నాం.

శీతాకాలం సగం గడిచేసరికి లహరి చదువు మానేసి విన్నిపెగ్ అనే దూరపు ఊరికి వెళ్ళిపోతానంది. అక్కడ అతనికి ఇల్లుందట. అక్కడైతే పీఆర్ తేలికట. అతని అమ్మ ఇండియా నుంచి వస్తుందట, గుళ్ళో పెళ్ళట. కరీంనగర్‌లో తన తల్లిదండ్రులకు అప్పుడే చెప్పొద్దన్నాడట. నేను కోప్పడ్డాను. ఇంకో అమ్మాయి బతిమాలింది. లహరి మొహం పక్కకు తిప్పుకుని, "మీకేం ఎర్క? ఆయన నన్ను ఒక్క మాట అనలే ఇప్పటిదాంక," అంది. అది నిజమే.

అక్క మాత్రం పప్పు ఏరుకుంటూ కూర్చుంది. నాకు అదే వింతగా తోచింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం లహరి తనంతట తనే, ఇన్నిసార్లు చెప్పావు కదా, ఆ సీరియల్ చూపించు అక్కా అని అడిగింది. పాత రికార్డింగు ఎక్కడో దొరికింది. అక్క లాప్‌టాప్ శబ్దం పూర్తిగా తగ్గించేసి పక్కన కూర్చుంది. ఒక్కతే అందరి గొంతులూ చెప్పడం మొదలుపెట్టింది, తెలుగులో. కాగితం లేదు. ఎప్పుడో కుర్రతనంలో రాసిన మాటలు. దొర గొంతు చెప్పినప్పుడు మా వంటగది చల్లబడినట్టుండేది. ఆవిడ అరవలేదు, బొంగురు పెట్టలేదు. ఎంతో ప్రేమగా, నెమ్మదిగా చెప్పింది. మన మేలు కోరేవాళ్ళు మాట్లాడినట్టే ఉంది. నేను చూస్తుండగానే లహరి రెండు కాళ్ళూ కుర్చీ మీదకి ముడుచుకుంది.

చివరి ఎపిసోడ్ అయిపోయింది. తెర నల్లగా అయింది.

"తర్వాత ఆయన ఆమెను ఏం చేస్తడు అక్కా?" అంది లహరి.

అక్క చెయ్యి లాప్‌టాప్ మూత మీద అలాగే ఉండిపోయింది. ఆ రోజు మంచులో విన్న సంగతి నాకొక్కదానికే తెలుసు కాబట్టి, ఆ మొహం నేనొక్కదాన్నే చూడలేక తల దించుకున్నాను.

"తెలీదమ్మా," అంది. "కథ అక్కడితో ఆగిపోయింది. ఆ తరవాతది ఎవరు చెప్పినా కల్పించి చెప్పడమే. నేను చెప్పినా సరే, నమ్మకు."

"మంచోడి లెక్కనే ఉన్నడు గద."

"అవును. ప్రేక్షకులందరూ అదే రాశారు."

లహరి లేచింది. తన గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. పెట్టె సర్దుతున్న చప్పుడు వినిపించింది.

మార్చి చివర్లో, తెల్లవారుతుండగా చుక్క వచ్చింది. లహరి పెట్టెతో కిందికి దిగింది. నేను కోటు వేసుకుని వెనకే వెళ్ళాను. వ్యాన్ దగ్గరికి వెళ్ళేసరికి ముందు సీట్లో అక్క కూర్చుని ఉంది. బెల్టు పెట్టేసుకుంది. ఒళ్ళో సంచీ, సంచీలో జంతికల డబ్బా. ఎప్పుడు దిగిందో మాకెవరికీ తెలియదు.

రైడ్ అన్న డ్రైవర్ పక్క తలుపు పట్టుకుని నిలబడి ఉన్నాడు. నవ్వుతూనే ఉన్నాడు. దారి చాలా దూరం, రెండు రోజులు పడుతుంది, మీకు క్లాసులు పోతాయక్కా అంటున్నాడు.

"నేనెప్పుడూ ఆ ఊరు చూళ్ళేదు తమ్ముడూ. పిల్లని దింపేసి బస్సెక్కి వచ్చేస్తాను," అంది అక్క.

అతను ఎన్నో విధాల చెప్పాడు. ఇంకోసారి తీసుకెళ్తానన్నాడు. లహరితోనూ చెప్పించాడు. లహరి సిగ్గుతోనో కోపంతోనో ఎర్రబడి, దిగు అక్కా, ఏందిది అంది. అక్క ప్రతిదానికీ మర్యాదగా తలూపింది, కదల్లేదు. వీధిలో పక్కింటావిడ కుక్కని తీసుకుని బయటికొచ్చి మావైపు చూసింది. అతను తలుపు తీసి కూర్చున్నాడు. బయలుదేరేముందు అక్క అద్దం దించి నాతో, మధ్యాహ్నం ఫోన్ చేతిలోనే పెట్టుకో, అని ఒక్క మాట చెప్పింది.

ఆ తరవాత జరిగింది కొంత లహరి చెప్పింది, కొంత నేను విన్నాను.

ఉదయమంతా అక్క కబుర్లు చెబుతూనే ఉందట. ఆ గుంటూరాయన, కడపాయన, పాదాల ముసలాయన, అందరూ వచ్చారట. నీళ్ళు మాత్రం ముట్టలేదట. తను దిగితే వదిలేసి పోతాడని, పెట్రోలు బంకులో ఆగినప్పుడు కిందికి దిగకూడదని ముందే అనుకుని వచ్చింది. అతను ఆపినచోట ఆవిడ దిగలేదు, కాఫీ తెచ్చుకోమంటే వద్దంది. మధ్యాహ్నం అయ్యేసరికి అతని నవ్వు తగ్గిపోయింది. సూ సెయింట్ మేరీ ఊరు దగ్గర పడుతుంటే లహరి బాత్‌రూమ్‌కి ఆపమని అడిగింది. అతను జవాబు చెప్పలేదు. ఒక బంకు దాటాడు. లహరి మళ్ళీ అడిగింది. ఇంకో బంకు దాటాడు. ఊరు కూడా దాటేశాడు. పాటల శబ్దం పెంచాడు. తన మాట అతనికి వినపడకపోవడం అదే మొదటిసారని లహరి నాతో అంది. వినపడినా విననట్టున్నాడని కూడా ఆ క్షణమే తెలిసిందంది.

"తమ్ముడూ, పిల్ల ఆపమంటోంది," అంది అక్క.

"ఏది ఎప్పుడు ఆపాలో నాకు తెలుసు," అన్నాడతను. గొంతు పెంచలేదు.

అప్పుడు నాకు ఫోన్ వచ్చింది. కాలేజీ క్యాంటీన్‌లో ఉన్నాను. చుట్టూ ట్రేల చప్పుడు. హలో అన్నాను. అటునుంచి అక్క గొంతు, ఇంగ్లీషులో. ఇంట్లో ఎప్పుడూ వినని గొంతు అది. ఒక్కొక్క మాట విడివిడిగా, తొందర లేకుండా. అతని పూర్తి పేరు చెప్పింది. వ్యాన్ రంగు, నంబరు చెప్పింది. వెనక సీట్లో ఉన్న అమ్మాయి ఆపమని రెండుసార్లు అడిగిందనీ, ఆపలేదనీ చెప్పింది. తరవాత దారిలో కనిపించే బోర్డులు చదవడం మొదలుపెట్టింది. ఫలానా ఊరు ఇన్ని కిలోమీటర్లు. ఎడమవైపు సరస్సు. దుప్పులున్నాయి జాగ్రత్త అన్న బోర్డు. వంతెన. కుడివైపు మూసేసిన మోటెల్. పాటలు వినిపిస్తున్నాయి, వాటి మీదుగా ఆవిడ గొంతు. మధ్యలో తెలుగులో ఒక్కసారి, "సిగ్నల్ పోతే పోలీసులకి చెప్పెయ్యమ్మా," అంది. మళ్ళీ బోర్డులు.

ఒక నది పేరు సగం చెబుతుండగా ఫోన్ ఆగిపోయింది.

పోలీసులకు చేశాను. విన్నదంతా విన్నట్టే చెప్పాను. వాళ్ళు అడిగినవాటికి జవాబులు చెబుతున్నాను గానీ నా గొంతు నాకే ఎవరిదోలా ఉంది. ఆ తరవాత చెయ్యడానికి ఏమీ లేదు. క్యాంటీన్ ఖాళీ అయింది. కుర్చీలు బల్లల మీదకెక్కించి నేల తుడిచేశారు. నన్ను ఎవరూ లెమ్మనలేదు. ఉత్తరాన ఆ సరస్సు ఒడ్డు దారి నేనెప్పుడూ చూడలేదు. అయినా కళ్ళు మూసుకుంటే చెట్లు, మంచు, చెట్లు, తెల్ల వ్యాన్. అది ఆగినట్టు ఊహించుకోవడం కూడా భయమే, ఆగలేదనుకోవడమూ భయమే.

చీకటి పడబోతుండగా తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. "దిగాం," అంది అక్క. వావా అనే చిన్న ఊళ్ళో, కాఫీ షాపువాళ్ళ ఫోన్. పాటలు కట్టేసి అతను చాలాసేపు మాట్లాడకుండా నడిపాడట. అప్పటికే సిగ్నల్ పోయింది. ఆవిడ మాత్రం ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని బోర్డులు చదువుతూనే ఉంది. అటుపక్క నేను లేనని అతను గ్రహించాడో లేదో మరి. ఊరు కనపడగానే బంకులోకి తిప్పి ఆపాడు. లహరే ముందు దిగింది, వెనకే అక్క. పరుగెత్తి వెళ్ళి వెనక తలుపు తీసి పెట్టె లాగుతుండగానే అతను కదిలించేశాడు. పెట్టె వ్యాన్‌తోపాటే పోయింది. పోలీసు కారు తరవాత వచ్చింది. అతను ఇద్దరినీ క్షేమంగా దింపాడు, ఆపడం ఆలస్యమైంది, అంతే కదా అన్నారు. వాళ్ళు రాసుకుని వెళ్ళారు.

మర్నాటి బస్సులో ఇద్దరూ తిరిగొచ్చారు.

తరవాతిది సులభంగా జరగలేదు. లహరి అక్కతో మాట్లాడలేదు. ఒకరోజు వంటింట్లో నా ముందే అంది, "ఆమె రాకపోతే ఆయన అట్ల చేస్తుండెనా? ఆమెను చూసే కోపమొచ్చింది. నా పెండ్లి చెడగొట్టింది." అక్క అక్కడే ఉంది, అన్నం కలుపుకుంటోంది. తలెత్తలేదు. నెల తిరక్కుండా లహరి వేరే ఇంటికి మారిపోయింది. ఊళ్ళో విద్యార్థుల్లో కూడా ఆ మాటే పాకింది. పెద్దావిడకి ఓర్వలేనితనం అన్నారు కొందరు. రైడ్ అన్న విన్నిపెగ్‌లోనే ఉండిపోవడంతో రైడ్లు పోయినవాళ్ళు ఆవిడనే తిట్టుకున్నారు. ఎవరూ కారెక్కించుకునేవారు కాదు. పక్కన కాలిబాట కూడా లేని రోడ్డు మీద, లారీలు మంచు చిమ్ముతుంటే, ఆవిడ కాలేజీకీ పనికీ నడిచే వెళ్ళింది. సోమవారం మధ్యాహ్నం ఫ్యాక్టరీల సైరన్ పరీక్ష మోగుతుంటే నేను క్లాసు కిటికీలోంచి చాలాసార్లు చూశాను, ఆ నీలం కోటు రోడ్డు పక్కన ఒంటరిగా కదులుతుండటం.

చదువయ్యాక ఆవిడ ఇండియా వెళ్ళిపోయింది. వెళ్ళేముందు ఒకసారి నాతో అంది, "ఏటీ జరక్కపోయేదేమో కూడా. మామూలుగా పెళ్ళి చేసుకుని, మామూలుగా ఉండేవాళ్ళేమో. అది నాకెప్పటికీ తెలీదు కదా." నేను ఏదో ధైర్యం చెప్పబోతే, వద్దన్నట్టు చెయ్యి అడ్డం పెట్టింది. చివరి రెండేళ్ళు ఆరోగ్యం బాగుండలేదు. ఫోన్ చేస్తే లహరి ఎలా ఉందని అడిగేది. లహరి సార్నియాలోనే ఒక ల్యాబులో పని చేస్తోందనీ, కారు కొందనీ చెప్పేదాన్ని. సంతోషం అనేది. ఆ సందేహంతోనే పోయింది.

ఆ రోజు ఆఫీసులో నేను ఏడ్చిన తరవాత వారం తిరిగిందో లేదో, లహరి ఫోన్ చేసింది. ఇన్నేళ్ళలో పండగలకు మెసేజీలే తప్ప మాట్లాడుకున్నది తక్కువ. విన్నిపెగ్ నుంచి ఎవరో అమ్మాయి తనకి మెసేజ్ పెట్టిందట. అనంతపురం దగ్గర పిల్లట, మా వైపు. ఆ రైడ్ అన్న కోపమొచ్చినప్పుడల్లా లహరి పేరెత్తి తిడతాడట. అలా ఆ పేరు విని ఫేస్‌బుక్‌లో వెతికి పట్టుకుంది. లహరి ఆ సాయంత్రమే విమానం ఎక్కింది. మర్నాడు పగలు, అతను ట్రిప్పు మీద ఉండగా, ఆ పిల్ల చేతిసంచీతో బయటపడింది. రెండు శీతాకాలాలు అతని ఇంట్లో ఉంది. తను ఉంటున్న వీధి పేరు ఏమిటంటే చెప్పలేక, ఫోన్లోంచి మ్యాపు పంపిందట. మిగతాది ఆ పిల్ల మాకు కొంత చెప్పింది. దాన్ని నేను ఇక్కడ రాయను.

ఇద్దరూ తిన్నగా కిచెనర్‌కి, మా ఇంటికి వచ్చారు. మొదటిరోజు పిల్ల నిద్రపోయాక లహరి మెట్లమీద కూర్చుంది. అక్క ఫోటో ఏదైనా ఉందా అని అడిగింది. వెతికితే ఒకటి దొరికింది, వంటింట్లో ఎవరో వెనకనుంచి తీసింది. మొహం కనపడదు. లహరి దాన్ని పెద్దది చేసి, చిన్నది చేసి చూసింది. "నేను ఆమెకు ఒక్కసారన్న ఫోన్ చేయలే," అంది. నేను వెళ్ళి తన పక్కన మెట్టుమీద కూర్చున్నాను. 

పిల్ల పోలీసులకి చెప్పనని చాలారోజులు పట్టుబట్టింది. అతనికి అందరూ తెలుసు, ఏమైనా చేస్తాడు అనేది. వాకిట్లో ఏ కారు ఆగినా బాత్‌రూమ్‌లోకి వెళ్ళి గడియ పెట్టుకునేది. మేం బలవంతం చెయ్యలేదు. లహరి సెలవు పెట్టి మాతోనే ఉండిపోయింది. నిన్న పొద్దున టిఫిన్ తింటూ పిల్ల తనే, వాళ్ళని రమ్మనండి అంది.

మధ్యాహ్నం ఒక ఆఫీసరు వచ్చింది. హాల్లో కూర్చోబెట్టాం. నేనొక పక్క, లహరి ఒక పక్క కూర్చోబోయాం. పిల్ల మా ఇద్దరినీ చూసింది.

"మీరు లోపలికి పోండక్కా. నేను చెప్తాను," అంది.

వంటింట్లోకి వచ్చి తలుపు దగ్గరగా వేశాం. మాటలు తెలియలేదు గానీ గొంతు వినిపిస్తోంది. మొదట చాలా సన్నగా. ఆఫీసరు ఏదో అడిగింది. కాసేపు ఏమీ వినపడలేదు. లహరి నా చెయ్యి పట్టుకుంది. పొయ్యిమీద పాలు పొంగుకొస్తున్నాయి, ఇద్దరం చూస్తూనే ఉన్నాం, ఎవరం కదల్లేదు. అప్పుడు గొంతు మళ్ళీ మొదలైంది. ఈసారి ఆగలేదు.